పిల్లల క్లాసుల కోసం నాటకం వేశాం, హాలు నిండింది, చేతిలో ఏమీ మిగల్లేదు

మూడోగంట
మాది ఇరవై రెండు మంది ఉన్న చిన్న నాటక బృందం. అందరం పగలు ఏవో పనులు చేసుకుని సాయంత్రం రిహార్సల్‌కి వచ్చేవాళ్లమే. రెండేళ్లుగా శనివారం శనివారం ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకి క్లాసు నడుపుతున్నాం. పేరుకి నటన క్లాసు, అసలు పని వేరు. నలుగురిలో నోరు విప్పడం, ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగడం, ఆటలో ఓడితే మూల కూర్చోకుండా మళ్లీ లేచి రావడం, ఇవీ మేం నేర్పాలనుకునేవి. ఫీజు ఇవ్వగలిగినవాళ్లు ఇస్తారు, ఇవ్వలేనివాళ్లని అడగం. అందుకే గది అద్దెకీ, టీచరుకిచ్చే కాస్త మొత్తానికీ ప్రతి నెలా తడుముకోవడమే.

సరే, నాటకం వేసి నిధి పోగేద్దాం అనుకున్నాం. పెద్ద హాలు, పెద్ద నాటకం, మూడు నెలల రిహార్సల్. ఆ రోజు హాలు నిండిపోయింది, వెనక నిలబడి కూడా చూశారు. చప్పట్లకేం లోటు లేదు, ఫొటోలకీ లేదు. వారం తర్వాత లెక్క చూశాం. వచ్చినదాన్ని వంద అనుకుంటే హాలుకి నలభై, లైట్లూ సౌండుకి ఇరవై అయిదు, సెట్టుకి పదిహేను, మేకప్పూ దుస్తులకి పన్నెండు. మిగిలింది ఎనిమిది. దాంతో ఆరు శనివారాలు క్లాసు నడుస్తుంది.

అసలు బాధ అది కూడా కాదు. రిహార్సల్ గదీ పిల్లల గదీ ఒకటే కావడంతో ఆ మూడు నెలల్లో ఏడు శనివారాలు క్లాసు మానేశాం. ఏడు వారాలు పోగొట్టుకుని ఆరు వారాలు సంపాదించామన్నమాట. ఒక పిల్లాడి తండ్రి "మీరంతా తలా కాస్త వేసుకున్నా ఇంతకన్నా ఎక్కువ వచ్చేది కదండీ" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మళ్లీ వెయ్యాలా, మానేయాలా? ఇలా నిధి కోసం వేసినవాళ్లు ఉంటే చెప్పండి.

లెక్కలపద్దు
హాలు నిండడం వేరు, టికెట్లు తెగడం వేరు. ఎన్ని సీట్లు, ఎన్ని పాసులు?

మూడోగంట
240 సీట్లు. పాసులు 90 దాకా వెళ్లాయి. ఎవరు ఎవరికిచ్చారో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

చివరివరుస
అంటే టికెట్ కొన్నవాళ్లు పాసువాళ్ల వెనక నిలబడి చూశారన్నమాట.

మూడోగంట
నవ్వులాటకి అన్నారేమో గానీ అచ్చంగా అదే జరిగింది.

లెక్కలపద్దు
మా బృందంలో పదకొండేళ్లుగా పద్దు నాదే, తిట్లూ నావే. మేం మూడు దెబ్బలు తిన్నాక నేర్చుకున్నవి చెబుతాను.

మొదటిది, పాసు అనే మాటే ఎత్తొద్దు. దర్శకుడి ఇంట్లోవాళ్లయినా టికెట్ కొనాల్సిందే. మొదటి ఏడాది అలకలు వచ్చాయి, ఇద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. పోనివ్వండి. పాసు మీద వచ్చినవాడు రాకపోయినా వాడికి పోయేదేం లేదు, మీకు మాత్రం కుర్చీ పోతుంది.

తర్వాత, ఖర్చుని టికెట్ల మీద వెయ్యొద్దు. హాలు ఒకరు ఎత్తుకోవాలి, లైట్లు ఇంకొకరు. అలా ఎత్తుకునేవాళ్లు దొరికేదాకా తేదీ ప్రకటించకండి. "హాలు ఖర్చు ఫలానావారు భరించారు, మీరు కొన్న టికెట్ మొత్తం పిల్లల క్లాసుకే వెళుతుంది" అని తెర లేచేముందు ఒక్క ముక్క చెప్పగలిగితే, ఆ మాటకే విరామంలో ఇంకొన్ని చేతులు జేబుల్లోకి వెళతాయి. అదే "ఖర్చులు పోగా మిగిలింది" అన్నామనుకోండి, ఎవరూ కదలరు. మిగలదని వాళ్లకీ తెలుసు.

మాకు టికెట్ల కన్నా సావనీర్‌లో వేసిన ప్రకటనల మీదే ఎప్పుడూ ఎక్కువ వస్తుంది. కానీ ఆ పనికి మొహమాటం లేని మనిషొకరు కావాలి. నటులు అస్సలు పనికిరారు, "ఇవ్వకపోయినా పర్లేదండీ" అని వాళ్లే డైలాగు అందిస్తారు.

ఇంకొకటి చెప్పడానికి సిగ్గుగా ఉంది. పిల్లల కోసమని తీసుకున్న డబ్బుని వేరే ఖాతాలో పెట్టండి. మేం ఒక ఏడాది ఆ డబ్బుతో మా బృందానికి కొత్త తెరలు కొన్నాం. "పిల్లలు కూడా వాడుకుంటారుగా" అనుకున్నాం. మరుసటి ఏడాది రెండు టికెట్లు కొన్న ఒక పెద్దావిడ "పోయినసారి క్లాసులు ఎన్ని పెట్టారు నాయనా?" అని అడిగింది. చుట్టూ అందరూ నావైపే చూశారు.

పాతట్రంకు
సీట్ల గొడవ పాతదేలెండి. 1742లో డబ్లిన్‌లో హాండెల్ అనే సంగీతకర్త తన 'మెసయ్య' గానరూపకం మొదటిసారి వినిపించింది కూడా ధర్మం కోసమే, అప్పు తీర్చలేక జైళ్లలో ఉన్నవాళ్లకీ రెండు ఆసుపత్రులకీ. ఇంకొందరు పట్టాలని ఆడవాళ్లు గౌన్ల కింద వలయాలు లేకుండా, మగవాళ్లు కత్తులు లేకుండా రమ్మని ముందే విన్నవించుకున్నారు.

చివరివరుస
మనకి కత్తులు లేకపోయినా బంధువులున్నారు.

ప్రాంప్టర్
లెక్కలపద్దు గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఈ చర్చ వింటుంటే నాటకం ఒక చందా డబ్బా అయిపోయినట్టుంది. నిధి కోసం వేసే నాటకాల్లో ఒక జబ్బు ఉంది, ఎవరూ పైకి అనరు. "మంచి పని కోసమేగా" అని ఎవరూ డైలాగులు నేర్చుకోరు.

మా బృందంలో వరసగా మూడేళ్లు అలాంటివి వేశారు. మూడో ఏడు నేను సైడ్ వింగులో స్క్రిప్టు పట్టుకుని కూర్చుంటే రెండో అంకం దాదాపు నేనే వేశాను. హీరో నా వైపు చూడటం, నేను అందించడం, అతను అనడం. ముందు వరుసల్లో ఉన్నవాళ్లకి ప్రతి డైలాగూ రెండుసార్లు వినపడింది. చివర్లో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు! నాటకానికి కాదు, పిల్లల పేరుకి. నాలుగో ఏడు సగం హాలు ఖాళీ. జాలితో ఒక టికెట్ కొంటారు, రెండు కొంటారు. మూడోది కొనాలంటే నాటకం బాగుండాలి.

లెక్కలపద్దు
దాంతో నాకేం పేచీ లేదు. బాగా వెయ్యండి, పాసులివ్వకండి. రెండూ ఒకేసారి చేయొచ్చు.

సందేహాలరావు
నేను నాటకాల మనిషిని కాను, దారి తప్పి వచ్చాను. ఒక మొండి ప్రశ్న. నాటకం క్లాసుకి వెళితే పిల్లలకి కలుపుగోలుతనం వస్తుందని అందరూ అనేసుకుంటున్నారు. ఎనిమిదేళ్లవాడికి పదేళ్లొస్తే ఎలాగూ కాస్త మాటలొస్తాయి కదా. ఆ ఘనత మీ శనివారానికి ఎందుకు ఇవ్వాలి?

గోరంతదీపం
మా అమ్మాయి మీద ప్రయోగం చేయడానికి నాకు ఇంకో అమ్మాయి లేదండీ, ఉంటే ఒకదాన్ని పంపకుండా ఉంచి చూసేదాన్ని 😄

పుస్తకాలపురుగు
సందేహాలరావు గారి ప్రశ్న మొండిదేం కాదు, సరైనదే. దాని మీదే పని చేసినవాళ్లున్నారు. 2004లో గ్లెన్ షెలెన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆరేళ్ల పిల్లల్ని 144 మందిని తీసుకుని నాలుగు గుంపులు చేశాడు. ఒకళ్లకి కీబోర్డు, ఒకళ్లకి గాత్రం, ఒకళ్లకి నాటకం, నాలుగో గుంపుకి ఆ ఏడాది ఏమీ లేదు. 36 వారాల పాఠాలు. అతను వెతికింది సంగీతం వల్ల తెలివి పెరుగుతుందా అని. సంగీతం నేర్చినవాళ్ల ఐక్యూ మిగతావాళ్ల కన్నా కొద్దిగా ఎక్కువ పెరిగింది. కానీ నలుగురితో మెలగడంలో మెరుగుదల కనిపించింది నాటకం గుంపులో. సంగీతం గుంపుల్లో అది లేదు.

గమనించండి, ఏమీ నేర్చుకోని గుంపు కూడా ఉంది. అంటే వయసుతో పాటు వచ్చేది ఎంత, క్లాసుతో వచ్చింది ఎంత అనేది విడదీసి చూసినట్టే.

సందేహాలరావు
బావుంది. ఆ మెలగడం ఎవరు కొలిచారు?

పుస్తకాలపురుగు
తల్లిదండ్రులు నింపిన ప్రశ్నావళి.

సందేహాలరావు
అదీ సంగతి! పిల్లని నాటకం క్లాసుకి పంపిన తల్లి "మా పిల్ల మారింది" అనకుండా ఎలా ఉంటుంది?

పుస్తకాలపురుగు
నిజమే, అది లోపమే. కానీ సంగీతం క్లాసుకి పంపిన తల్లులకి కూడా అదే ఆశ ఉంటుంది కదా, వాళ్లు అలా రాయలేదు. ఆటిజం ఉన్న పిల్లలతో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో బ్లైత్ కార్బెట్ బృందం సెన్స్ థియేటర్ అని నడుపుతోంది. పది విడతల కార్యక్రమం. ముందే శిక్షణ ఇచ్చిన తోటి పిల్లల్ని జత చేసి నాటకం ఆటలు ఆడిస్తారు. అందులో ముఖాలు గుర్తుపట్టడం లాంటివి పరీక్షలు పెట్టి కొలిచారు, మంచి ఫలితాలే వచ్చాయి. అలాగని ప్రతి శనివారం క్లాసూ మందులా పనిచేస్తుందని నేననను. ఎలా నడుపుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

చివరివరుస
సంగీతం వాళ్లకి తెలివి, నాటకం వాళ్లకి మర్యాద. మా బృందం కమిటీ మీటింగుకి ఒకసారి వస్తే ఈ రెండోది కొట్టేస్తారు.

ఆటగది
పిల్లల క్లాసు తీసుకునే మనిషిని నేను, పదిహేనేళ్లుగా. "ఎలా నడుపుతున్నారన్నదాన్ని బట్టి" అన్న మాట దగ్గర ఆగిపోయాను. చాలా చోట్ల పిల్లల నాటకం క్లాసు అంటే ఏడాది చివర ప్రదర్శనకి డైలాగులు బట్టీ పట్టించడమే. దానివల్ల జ్ఞాపకశక్తి వస్తుందేమో గానీ ఇంకోళ్లని పట్టించుకోవడం రాదు.

మేం ఆడించే ఆటల్లో చాలా వాటికి మూలం వయోలా స్పోలిన్ అనే అమెరికా నాటక శిక్షకురాలు. షికాగోలో హల్ హౌస్ అనే సేవాకేంద్రంలో నేవా బాయిడ్ అనే ఆవిడ దగ్గర ఆటలతో పనిచేయడం నేర్చుకుంది. తర్వాత వలస వచ్చిన కుటుంబాల పిల్లలతో పనిచేస్తూ తన ఆటలు అల్లుకుంది. 1963లో వాటిని పుస్తకంగా తెచ్చింది.

ఉదాహరణకి అద్దం ఆట. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు, ఒకరు కదిలితే రెండోవాళ్లు అద్దంలో బొమ్మలా అలాగే కదలాలి. మొదటి వారం ఏం జరుగుతుందంటే, కదిలేవాడు ఎదుటివాణ్ని ఓడించాలని చూస్తాడు. చెయ్యి ఠక్కున పైకెత్తి, చటుక్కున దించేసి, "అందుకోలేకపోయావ్" అని నవ్వుతాడు. నేనేం అనను. నాలుగైదు వారాలకి అదే పిల్లాడి చెయ్యి నెమ్మదిస్తుంది. కళ్లు తన చేతి మీద ఉండవు, ఎదుటివాడి మొహం మీద ఉంటాయి. వాడు అందుకుంటున్నాడా లేదా చూసుకుంటూ కదుపుతాడు. "సోషల్ స్కిల్స్ ఏం నేర్పుతారండీ" అని ఎవరైనా అడిగితే నేను చూపించగలిగేది ఆ నెమ్మదించిన చెయ్యి ఒక్కటే. దాన్ని టికెట్ పెట్టి ఎలా చూపిస్తాం?

గోరంతదీపం
ఈ ఆట మా అమ్మాయి ఇంట్లో వాళ్ల నాన్నతో ఆడుతుంది. ఆయన ఇంకా మొదటి వారంలోనే ఉన్నారు.

ఆటగది
ఇంకొకటి చెప్పి ఆపేస్తాను. ఒక పిల్లాడు ఉండేవాడు, తొమ్మిదేళ్లు. తొమ్మిది వారాలు గోడకి ఆనుకునే నిలబడ్డాడు. ఆటలోకి రాడు, ఇంటికీ పోడు. ప్రదర్శన దగ్గరపడింది. "నువ్వు స్టేజి ఎక్కక్కర్లేదు, మూడో గంట కొట్టు చాలు" అన్నాను. తల ఊపాడు.

ఆ రోజు రెండు గంటలయ్యాయి. మూడోది కొట్టాలి. వీడు కొట్టడే! దర్శకుడు అవతల వింగులోంచి చేతులు ఊపుతున్నాడు. నేను పరుగున వెళ్లి చూస్తే వీడు గంట తాడు పట్టుకుని స్టేజి మీదకి చూస్తున్నాడు. అక్కడ ఒక పిల్ల ముసుగు దారం ఊడిపోయింది, ఇంకో పిల్ల కడుతోంది. ముడి పడింది. ఆ పిల్ల తన చోటుకి వెళ్లి నిలబడింది. అప్పుడు కొట్టాడు. గంట ఆలస్యమైందని దర్శకుడు చడామడా తిట్టాడు. హాల్లో ఉన్నవాళ్లకి అసలేం తెలియదు.

చివరివరుస
మూడోగంట గారి పేరు మీదే కథ చెప్పేశారు.

మూడోగంట
నిన్నటి నుంచి ఇది మూడోసారి చదవడం.

తెరచాటు
పై కథ చదివి నా గోడు చెప్పాలనిపించింది. మా బాబు మాట ఆలస్యం. ఒక బృందం వాళ్ల క్లాసుకి పంపేవాళ్లం, క్లాసు బాగుండేది. వాళ్ల నిధి నాటకానికి రమ్మన్నారు, వెళ్లాం. విరామంలో మైకు పట్టుకుని పెద్దాయన ఒకాయన మా వాణ్ని స్టేజి మీదకి పిలిచి, భుజం మీద చెయ్యేసి, "ఏడాది కిందట ఈ బాబు నలుగురిలో ఒక్క మాట మాట్లాడేవాడు కాదు, ఇప్పుడు మీ ముందు మాట్లాడతాడు" అన్నాడు. మైకు వాడి నోటి దగ్గర పెట్టాడు. మమ్మల్ని ముందు ఒక్క మాట అడగలేదు. వాడు మాట్లాడలేదు. రెండు వందల మంది చూస్తుండగా అర నిమిషం. తర్వాత ఆయనే "సిగ్గుపడుతున్నాడు" అని నవ్వి చప్పట్లు కొట్టించాడు. డబ్బాలు తిప్పారు, డబ్బులు బాగానే పడ్డాయి.

మరుసటి వారం నుంచి వాడు క్లాసుకి రానన్నాడు. ఆ డబ్బు ఎవరి పిల్లల కోసమో మరి.

గోరంతదీపం
అయ్యో. ఆ అర నిమిషం తల్లికి ఎంత పొడుగో.

ప్రాంప్టర్
ఆయన చేతిలోంచి మైకు లాక్కునేవాడు ఒక్కడూ లేకపోయాడా అక్కడ!

లెక్కలపద్దు
చాలా తప్పు. కానీ నిధి అడిగేవాడిగా ఒక కష్టం చెబుతాను, తిట్టకండి. ఇచ్చేవాళ్లు "మా డబ్బుతో ఏమైంది, చూపించండి" అంటారు. కాగితం మీద అంకెలు చూపిస్తే ఆవలిస్తారు. పిల్లాణ్ని చూపిస్తే కరుగుతారు. తెరచాటు గారి బాబుకి జరిగినది నేను సమర్థించడం లేదు, ఆ పెద్దాయన అలా ఎందుకు చేశాడో మాత్రం నాకు తెలుసు.

తెరచాటు
ఎందుకు చేశాడో నాకూ తెలుసండీ. అందుకే కోపం.

పుస్తకాలపురుగు
1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఉంది. ఆడుకోవడం, కళల్లో పాలుపంచుకోవడం పిల్లల హక్కు అంటుంది. నిధి అడిగే కరపత్రాల్లో దాన్ని తరచూ వేసుకుంటారు. అదే ఒడంబడికలో 16వది పిల్లల గోప్యత గురించి. దాన్ని కరపత్రంలో ఎవరూ వేసుకోరు.

ఆటగది
మా దగ్గర నియమం: క్లాసులో జరిగినది స్టేజి మీద చెప్పం. ఫొటో తీయాలంటే తల్లిదండ్రుల్ని అడుగుతాం, పిల్లల్నీ అడుగుతాం. ఇద్దరిలో ఎవరు వద్దన్నా వద్దే. గదిలో ఎప్పుడూ పెద్దవాళ్లు ఇద్దరికి తగ్గకుండా ఉండాలి, ఒక్కరే ఉంటే ఆ రోజు క్లాసు లేదు. దాతలు వచ్చినా అంతే.

అగ్గిపుల్ల
వేరే దారి ఒకటి. అగస్టో బోల్ ఫోరం థియేటర్ విన్నారా? బ్రెజిల్ ఆయన. ఒక సమస్యని చిన్న నాటకంగా వేస్తారు, అది చెడుగా ముగుస్తుంది. మళ్లీ మొదటినుంచి వేస్తారు. ఈసారి చూసేవాళ్లు మధ్యలో "ఆపండి" అని స్టేజి ఎక్కి, నటుడి స్థానంలో నిలబడి వేరేగా చేసి చూపించొచ్చు. ఆట స్థలంలో ఒకణ్ని అందరూ వెలివేసే దృశ్యం పిల్లలు వేస్తే, దాతలు లేచి వచ్చి ఏం చేస్తారో చూద్దాం. సెట్టు అక్కర్లేదు, లైట్లు అక్కర్లేదు. లెక్కలపద్దు గారికి కూడా పండగే.

ఆటగది
అగ్గిపుల్లా, నీ పేరుకి తగ్గట్టే ఉంది సలహా. ఫోరం నాకూ ఇష్టమే, కానీ పిల్లలతో, డబ్బు ఇచ్చేవాళ్ల ముందు మాత్రం వద్దు. వెలివేసే దృశ్యం వేసేవాళ్లలో నిజంగా వెలివేయబడ్డ పిల్ల ఒకతె ఉంటుంది. ఆమె బాధ అందరిముందూ పెట్టి, పెద్దవాళ్లు లేచి వచ్చి సలహాలివ్వడం అంటే తెరచాటు గారి మైకే ఇంకో రూపంలో.

అగ్గిపుల్ల
ఒప్పుకున్నా. అయితే పెద్దవాళ్లు వేస్తే? పెద్దవాళ్ల సమస్యలే, పెద్దవాళ్లే నటులు, డబ్బు పిల్లలకి.

ఆటగది
అది చెయ్యొచ్చు. నేనే టికెట్ కొంటాను.

పాతట్రంకు
పిల్లల్ని స్టేజి ఎక్కించకుండా నాటకంతో పిల్లలకి డబ్బు తెచ్చిన ఘనుడు ఒకడున్నాడు, జె. ఎం. బ్యారీ. 1929లో లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రివాళ్లు స్థలం కొనడానికి ఒక కమిటీ వేస్తూ అందులో ఉండమని అడిగారు. ఆయన కమిటీలో ఉండనన్నాడు. కొన్నాళ్లకి తన నాటకం 'పీటర్ పాన్' హక్కులు ఆసుపత్రికే రాసిచ్చేశాడు. అప్పట్నుంచి ఆ నాటకం ఆడితే రాయల్టీ పిల్లల ఆసుపత్రికి వెళ్లేది. 1987లో కాపీరైట్ గడువు అయిపోతే, 1988లో బ్రిటన్ పార్లమెంటు చట్టంలో ప్రత్యేకంగా రాసి, అక్కడ రాయల్టీ ఆసుపత్రికి ఎప్పటికీ వచ్చేలా చేసింది.

చివరివరుస
కమిటీలో ఉండనన్నాడు చూడండి, అక్కడే తెలిసిపోతుంది తెలివైనవాడని.

లెక్కలపద్దు
ఎంత వచ్చిందో లెక్క చెప్పారా?

పాతట్రంకు
అదే తమాషా. ఎంత వచ్చిందో బయటపెట్టొద్దని బ్యారీ కోరాడు, ఆసుపత్రి ఇప్పటికీ ఆ మాట నిలబెట్టుకుంటోంది.

లెక్కలపద్దు
నాకు నిద్ర పట్టదిక.

ప్రాంప్టర్
బ్యారీ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. "మంచి పని కోసం వేస్తున్నాం, రచయిత అనుమతి ఎందుకు" అనుకుంటారు చాలామంది. టికెట్ పెట్టి వేస్తున్నామంటే ముందు అడగాలి. మేం అడిగితే ఒక రచయిత ఏమీ తీసుకోకుండా ఒప్పుకున్నాడు, ఇంకొకాయన ఇచ్చినదాన్ని అక్కడే తిరిగి పిల్లల డబ్బాలో వేశాడు. అడక్కుండా వేసుంటే ఇద్దరూ మనమీద విరుచుకుపడేవాళ్లు, వాళ్లదే న్యాయం కూడా.

సందేహాలరావు
మొదటి పోస్టులో ఆ తండ్రి అడిగినదానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. తలా కాస్త వేసుకుంటే సరిపోదా?

లెక్కలపద్దు
ఒక ఏడాదికి సరిపోతుంది. రెండో ఏడు ఇరవై రెండు మందిలో పదహారు మంది ఇస్తారు. మూడో ఏడు తొమ్మిది మంది, అదీ మొహం చూసి అడిగితే. నేను చూసిన వరుస ఇది. నాటకంలో ఒక లాభం ఏమిటంటే ప్రతిసారీ కొత్త మనుషులు వస్తారు, వాళ్లకి ఈ క్లాసు ఒకటుందని తెలుస్తుంది. మా క్లాసులో ఇప్పుడున్న పిల్లల్లో సగం మంది నాటకం చూడ్డానికొచ్చిన వాళ్ల పిల్లలే. కానీ ఆ తండ్రి అన్నదాంట్లో నిజం ఉంది. నాటకం వెయ్యాలన్న సరదా మనది. దానికి అయ్యే ఖర్చు పిల్లల పేరు మీద రాసుకోకూడదు.

గోరంతదీపం
డబ్బు తర్వాత సంగతి, ఆ ఏడు శనివారాల మాటేంటి? తల్లిగా నాకు కోపం వచ్చేది దానికే. క్లాసు లేదంటే మా అమ్మాయి చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చుని "ఫోన్ చేసి మళ్లీ అడుగు" అంటుంది. నిధి కోసమని ఆ పిల్లకి ఎలా చెప్పను?

మూడోగంట
మీరు కోప్పడటం సబబే. ఆ మాట మా వాళ్లందరికీ చదివి వినిపించాను.

(పదహారు రోజుల తర్వాత)

మూడోగంట
నిన్న కూర్చున్నాం. గట్టిగానే అరుచుకున్నాం, ఒకాయన మధ్యలో లేచి వెళ్లి మళ్లీ వచ్చాడు. తేలినవి చెబుతాను.

పెద్ద హాలు లేదు. మా క్లాసు గదిలోనే అరవై కుర్చీలు వేసి మూడు సాయంత్రాలు వేస్తాం, శనివారం కాకుండా. సెట్టంటూ ఏమీ ఉండదు, రెండు బల్లలు, ఒక తలుపు చట్రం. పెద్దవాళ్లమే నటులం. అగ్గిపుల్ల గారు చెప్పిన ఫోరం పద్ధతిలో ఒకటి, మామూలు నాటిక ఒకటి. రచయితకి ఉత్తరం రాశాం, ఒప్పుకున్నారు. కుర్చీల అద్దె మా సభ్యుల్లో ఒకావిడ ఎత్తుకుంది, కాబట్టి టికెట్ మొత్తం పిల్లలదే. దానికి వేరే ఖాతా. రిహార్సల్ ఇకనుంచి ఒక సభ్యుడి మేడ మీద, గాలేస్తే స్క్రిప్టులు ఎగిరిపోతాయి గానీ పర్లేదు.

పిల్లలెవరూ స్టేజి ఎక్కరు. మైకులో పిల్లల గురించి ఎవరూ మాట్లాడరు. గోడ మీద ఒక కాగితం అంటిస్తాం: ఈ ఏడాది ఎన్ని శనివారాలు క్లాసు జరిగింది, ఎన్ని జరగలేదు. జరగని ఏడు కూడా రాస్తాం. దీని మీదే ఎక్కువ అరుచుకున్నాం.

లెక్కలపద్దు
జరగనివి కూడా రాస్తున్నారా! అయితే నాకు మొదటి రోజుకి నాలుగు రాయండి, డబ్బు ముందే పంపుతాను.

ప్రాంప్టర్
డైలాగులు వచ్చాయా?

మూడోగంట
నాకు తప్ప అందరికీ వచ్చాయి.

తెరచాటు
గోడ మీద కాగితం అంటిస్తాం అన్నారు చూడండి, అది బాగుంది. మీ దగ్గర శనివారం క్లాసులో ఎనిమిదేళ్లవాడికి చోటుందా? మొదట కొన్ని వారాలు గోడకి ఆనుకునే ఉంటాడు.

మూడోగంట
ఉంది. గోడలు నాలుగున్నాయి, ఏది కావాలంటే అది.

చివరివరుస
పాత స్నేహం, ఇన్ని జోకులు వేశాను, నాకు ఒక్క పాసు...

మూడోగంట
మీ పేరు మీద చివరి వరుసలో రెండు టికెట్లు రాసేశాను. డబ్బులు గుమ్మం దగ్గర ఇవ్వండి.